పులికాట్ గాలి ముందు అన్ని లెన్సులూ ఒకటే

మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన వరంగల్ కుర్రాడు భోజనాల దగ్గర పట్టుకున్నాడు. "అన్నా, 45 మెగాపిక్సెల్ బాడీ తీసుకున్న. గీ మూడు జూమ్‌లల్ల ఏది షార్ప్‌గుంటదో చెప్పు" అని. ఫోన్లో మూడు గ్రాఫులు, వాటి పక్కన ధరలు, ఎవరో రెండొందల శాతం పెద్దది చేసి చూపించిన ఇటుక గోడ ఫొటోలు. వారం రోజుల నుంచి ఇదే పనట. ఇంకా ఒక్క పక్షిని కూడా తీయలేదు.

ఏదో ఒక పేరు చెప్పేసి పెరుగన్నం కలుపుకుని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పడానికే ఈ టపా. కాస్త పొడుగే, ముందే చెప్పేస్తున్నా.

మాది నెల్లూరు. ఉద్యోగం చెన్నైలో, పెర్ఫార్మెన్స్ టెస్టింగ్. ఎవరైనా వచ్చి "మా సర్వర్ సెకనుకి పదివేల రిక్వెస్టులు మోస్తుంది" అంటే, "ఏ డేటాతో? ఏ నెట్‌వర్క్ మీద? పండగ సేల్ రోజున కూడా మోస్తుందా?" అని అడిగి వాళ్ళ మొహం వాడిపోయేలా చెయ్యడమే నా తిండి. చలికాలంలో ఏ శనివారమైనా తెల్లారుజామున మూడున్నరకి లేచి 16వ నంబరు హైవే ఎక్కి సూళ్లూరుపేట పోవడం నా వ్యసనం. ఇన్నేళ్ళుగా సర్వర్లను అడుగుతున్న ప్రశ్నలు నా లెన్సులను ఒక్కసారి కూడా అడగలేదని ఈ మధ్యే తెలిసొచ్చింది.

పులికాట్ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. చిలికా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న దీవి శ్రీహరికోట. సూళ్లూరుపేట నుంచి రాకెట్ కేంద్రానికి పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ పోతుంది. అటకానితిప్ప చుట్టుపక్కల ఎటు చూసినా నీళ్ళు, నీళ్ళు తగ్గితే బురద. చలికాలం వచ్చేసరికి ఆ పల్చటి నీళ్ళలో ఫ్లెమింగోలు దిగుతాయి. కొంచెం ఉత్తరాన, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్ళు పెడతాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఇదంతా తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ "మన నెల్లూరు పులికాటే".

ఇక లెన్సుల సంగతి. ఏళ్ళ తరబడి నా దగ్గర మూడు పెద్ద జూమ్‌లు పోగయ్యాయి. ఒకటి పాతది, ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రెండోది మధ్యరకం. మూడోది కొన్న రోజు ధర ఇంట్లో సగమే చెప్పాను :) పేర్లు చెప్పను. చెబితే ఇది లెన్సుల గురించి కాకుండా కంపెనీల గురించి అయిపోతుంది, అదో ఊరూ పేరూ లేని యుద్ధం.

ముందు కాస్త లెక్క చూద్దాం. 2017లో వచ్చిన నికాన్ డీ850నే తీసుకోండి. 45.7 మెగాపిక్సెళ్ళు. ఫొటో 8256 పిక్సెళ్ళ వెడల్పు, 5504 ఎత్తు. 35.9 మిల్లీమీటర్ల సెన్సర్ మీద అన్ని పిక్సెళ్ళు పరిస్తే ఒక్కో పిక్సెల్ 4.35 మైక్రాన్లు. 400 ఎం.ఎం. లెన్సు పెట్టి 200 మీటర్ల దూరంలో ఉన్నదాన్ని తీస్తే, ఒక పిక్సెల్‌లో పట్టేది దాదాపు 2.2 మిల్లీమీటర్లు. అంటే 1.3 మీటర్ల ఎత్తున్న ఫ్లెమింగో నా ఫొటోలో సుమారు 600 పిక్సెళ్ళ ఎత్తు. 5504లో 600! నలభై అయిదు మెగాపిక్సెళ్ళకి డబ్బు కట్టి, అందులో పక్షికి ఇచ్చింది ఇంత మూల. మిగతాదంతా నీళ్ళు.

అదే పక్షి 400 మీటర్ల దూరంలో ఉంటే 300 పిక్సెళ్ళు. 100 మీటర్లలో ఉంటే 1200. ఈ అంకె గుర్తు పెట్టుకోండి, దీనితో తర్వాత పనుంది.

ఇప్పుడు గాలి. సరస్సు మీద పొద్దెక్కే కొద్దీ గాలి ఉడుకుతుంది. బురద వేడెక్కుతుంది, రోడ్డు కట్ట ఇంకా వేడెక్కుతుంది, వేడి గాలీ చల్ల గాలీ కలగాపులగం అయి ఒక్కో పొర వెలుగును ఒక్కో పక్కకి వంచుతుంది. ఎండాకాలం తారు రోడ్డు మీద నీళ్ళలా మెరిసేది చూస్తాం కదా, దాని తమ్ముడే ఇది. పైన చెప్పిన కెమెరాలో 400 దగ్గర ఒక పిక్సెల్ చూసే కోణం సుమారు 2.2 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). కొండ మీద కట్టిన టెలిస్కోపుకి, రాత్రి పూట, నిట్టనిలువుగా పైకి చూస్తే గాలి వల్ల వచ్చే మసక ఒక ఆర్క్ సెకను ఉంటే ఖగోళ శాస్త్రజ్ఞులు "ఆహా, మంచి రాత్రి" అంటారు. మనం సముద్రమట్టంలో, పగటి పూట, నేలకి అడ్డంగా, వేడెక్కిన బురద మీదుగా చూస్తూ పిక్సెల్ స్థాయి పదును కోరుకుంటున్నాం. ఆశ మంచిదే.

మసకలు కూడికలో కలవవు, దాదాపు వర్గాల లెక్కన కలుస్తాయి. చిన్నప్పటి పైథాగరసే. మంచి లెన్సు మసక 2, మామూలు లెన్సు మసక 3, గాలి మసక 8 అనుకుందాం, ఉదాహరణకే. మంచి లెన్సుతో మొత్తం 8.25. మామూలు దానితో 8.54. లెన్సుల మధ్య 50 శాతం తేడా ఫొటోలోకి వచ్చేసరికి 3, 4 శాతానికి పడిపోయింది. మన భాషలో చెప్పాలంటే డేటాబేస్ క్వెరీ 8 సెకన్లు తీసుకుంటుంటే మనం వెబ్‌పేజీలో బటన్ రంగు లోడ్ అయ్యే టైమ్ తగ్గిస్తున్నాం. రివ్యూ మీటింగులో ఎవరైనా ఇలా చేస్తే మనమే నవ్వుతాం.

లెక్క లెక్కే, చూసి నమ్మాలి. అందుకని జనవరిలో ఒక శనివారం ఫొటోలు మానేసి టెస్టు పెట్టుకున్నా. రోడ్డు కట్ట మీద ట్రైపాడ్. రెండొందల మీటర్ల దూరంలో నీళ్ళలో పాతిన వల గుంజ ఒకటి, దానికి చుట్టిన తాడు. పక్షి కదులుతుంది, గుంజ కదలదు. మూడు లెన్సులూ 400 దగ్గర, ఎఫ్/8, చేత్తో ఫోకస్, రిమోట్‌తో క్లిక్. పొద్దున ఆరూముప్పావు నుంచి తొమ్మిదిన్నర దాకా, అరగంటకోసారి, ఒక్కో లెన్సుతో ఇరవై ఫొటోలు.

ఇంటికొచ్చి ఒకే సైజులో ముక్కలు కోసి, ఫైల్ పేర్లు తీసేసి, కలిపెయ్యమని మా ఆవిడకి ఇచ్చా. ఏది ఏ లెన్సో నేను చెప్పాలి. ఆరూముప్పావు నాటి 12 ముక్కల్లో 11 సరిగ్గా చెప్పేశా. ఖరీదైన లెన్సులో తాడు పోగులు విడివిడిగా ఉన్నాయి, పాతదాంట్లో అంచున ఊదారంగు చార. అహో, పెట్టిన డబ్బు వృథా పోలేదు అనుకున్నా. తొమ్మిది గంటల నాటి 12 ముక్కల్లో నేను సరిగ్గా చెప్పినవి 5. మూడు లెన్సులే కాబట్టి కళ్ళు మూసుకుని చెప్పినా 4 తగలాలి.

చివర్లో మా ఆవిడ తనంతట తనే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టింది. పాత లెన్సు పొద్దున ఆరూముప్పావుకి తీసింది, ఖరీదైన లెన్సు తొమ్మిదికి తీసింది. ఏది బావుందో చెప్పడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. "అయితే మీరు కొనాల్సింది లెన్సు కాదు, అలారం గడియారం" అంది. సగం ధర సంగతి తనకి ఎప్పుడో తెలిసిపోయిందని కూడా ఆ రోజే నాకు తెలిసింది.

ఒక్క ఉదయం, ఒక్క గుంజ, మూడు లెన్సులు. దీన్ని సైన్స్ అనను. కానీ మనం నమ్మే టెస్టులు మాత్రం ఏం గొప్ప? కంపెనీలు ఇచ్చే ఎంటీఎఫ్ గ్రాఫులు చాలావరకు మిల్లీమీటరుకి 10 జతల గీతలు, 30 జతల గీతలు దగ్గరే చూపిస్తాయి. 45 మెగాపిక్సెళ్ళ సెన్సర్ మిల్లీమీటరుకి 115 జతల దాకా పట్టగలదు. 30 దగ్గర బావున్న లెన్సు 115 దగ్గర ఎలా ఉంటుందో ఆ గ్రాఫు చెప్పదు. పైగా వాటిలో చాలా గ్రాఫులు లెన్సును కొలిచి గీసినవి కావు, డిజైన్ నుంచి కంప్యూటర్‌లో లెక్కగట్టినవి. మన చేతికొచ్చే పెట్టెలో ఉన్నది డిజైన్ కాదు, ఫ్యాక్టరీలో బిగించిన ఒక వస్తువు. ఒకే మోడల్లో రెండింటికి తేడా ఉంటుంది, ఒక్కోసారి రెండు మోడళ్ళ మధ్య ఉన్నంత తేడా. ఇక ఇంట్లో చార్టు పెట్టి తీసేవాళ్ళు పది పదిహేను మీటర్ల నుంచి తీస్తారు. రెండొందల మీటర్ల దగ్గర అదే లెన్సు అలాగే ప్రవర్తిస్తుందని గ్యారంటీ లేదు.

ఎపర్చర్ సంగతి కూడా చూద్దాం. "మసగ్గా ఉందా, ఎఫ్/16కి పో" అనే సలహా ఒకటి ఉంది. ఎపర్చర్ చిన్నదైన కొద్దీ వెలుగు చుక్క విచ్చుకుంటుంది. ఆకుపచ్చ వెలుగుకి ఆ చుక్క ఎఫ్/5.6 దగ్గర సుమారు 7.5 మైక్రాన్లు, ఎఫ్/8 దగ్గర 10.7, ఎఫ్/11 దగ్గర 14.8, ఎఫ్/16 దగ్గర 21.5. పిక్సెల్ 4.35. ఎఫ్/16లో ఒక్క చుక్క దాదాపు అయిదు పిక్సెళ్ళ వెడల్పు. అక్కడ ఏ లెన్సయినా ఒకటే, భౌతికశాస్త్రం ఎవరి మొహమాటమూ చూడదు. చాలా పెద్ద జూమ్‌లకి పూర్తిగా తెరిచినదానికన్నా ఒక స్టాపు మూసి ఎఫ్/8 దగ్గర ఆపితే మంచిది.

మరి ఎక్కువ మెగాపిక్సెళ్ళు లెన్సుని పాడు చేస్తాయా? "నీ పాత లెన్సు 45కి పనికిరాదు" అని భయపెడతారు. అబద్ధం. తేడా అంతా మనం చూసే తీరులో ఉంది. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫొటోని వంద శాతంలో చూడటం అంటే భూతద్దంతో చూడటం; 45ని వంద శాతంలో చూడటం అంటే ఇంకా పెద్ద భూతద్దంతో చూడటం. ఎక్కువ పొడిస్తే ఎక్కువ లోపాలు కనిపిస్తాయి. అదే లెన్సుతో రెండూ తీసి ఒకే సైజులో ప్రింటు వేసి చూడండి, 45 ఎప్పుడూ తక్కువ కాదు. అసలు మన ఫొటోలు ఎక్కడ చూస్తున్నాం? 4కే టీవీ నిండా వేస్తే 8.3 మెగాపిక్సెళ్ళు. గోడకి తగిలించే 12x18 అంగుళాల ప్రింటు, అంగుళానికి 300 చుక్కలతో వేసినా 19.4. మిగతాదంతా మనం మానిటర్ ముందు ముక్కు పెట్టి చూసుకుని బాధపడటానికి.

రాకెట్ల సంగతి ఇంకా తమాషా. ప్రయోగం రోజున సూళ్లూరుపేట వైపు నుంచి జూమ్‌లు ఎక్కుపెట్టేవాళ్ళు చాలామంది. లాంచ్ పాడ్లకి అక్కడి నుంచి 20 కిలోమీటర్ల పైమాటే. 44 మీటర్ల పొడుగున్న పీఎస్‌ఎల్‌వీ మన 400 లెన్సులో 200 పిక్సెళ్ళు. మధ్యలో 20 కిలోమీటర్ల ఉప్పుగాలి. 2023 జూలై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచింది. ఆ ఎండలో, ఆ గాలిలో రాకెట్ మీద అక్షరాలు చదవలేదని లెన్సుని తిట్టుకోవడం న్యాయమా?

అంటే లెన్సు అనవసరం అంటున్నానా? లేదు. కాలికి రింగు ఉన్న పక్షి కనబడితే ఆ నంబరు చదవగలిగే పదును కావాలి, అది నిజంగా పనికొచ్చే సమాచారం. నేలపట్టులో గట్టు మీద నుంచి కాస్త దగ్గర్లోనే గూడబాతులు దొరుకుతాయి, తెల్లారుజామున అయితే మంచి లెన్సుకి తేడా తెలుస్తుంది. కొన్న లెన్సులో ఒక పక్క బాగుండి ఇంకో పక్క మసగ్గా ఉంటే, వాపసు గడువులోపే ఒక గోడో న్యూస్‌పేపరో తీసి పట్టుకోవాలి. అంతవరకూ టెస్టు అవసరమే. ఆ తర్వాత మాత్రం ఏసీ కారు అద్దం దించి వెంటనే తీయకపోవడం, చవక ఫిల్టరు పీకెయ్యడం, ముందు గాజు మీద ఉప్పు తుడుచుకోవడం, ఎగిరే పక్షికి షట్టర్ స్పీడు పెంచడం లెన్సు మార్చడం కన్నా ఎక్కువ చేస్తాయి. గంటకి 50 కిలోమీటర్లతో ఎగిరే ఫ్లెమింగో సెకనులో వెయ్యో వంతులో 14 మిల్లీమీటర్లు కదులుతుంది, 200 మీటర్ల దగ్గర అది ఆరు పిక్సెళ్ళు. కెమెరా దాంతోపాటు తిప్పకపోతే ఏ గాజూ ఆపలేదు.

ఇంతవరకూ చెప్పింది డబ్బు సంగతి. డబ్బు పోతే పోయింది. అసలు చెప్పాలనుకున్నది వేరే.

ఇందాక గుర్తు పెట్టుకోమన్న అంకె ఉంది కదా. 200 మీటర్లలో 600 పిక్సెళ్ళు, 100 మీటర్లలో 1200. లెన్సూ గాలీ రెండూ ఓడిపోయాక పదునుకి మిగిలిన దారి ఒక్కటే, దగ్గరికి నడవడం. రెండేళ్ళ కిందట నేనూ ఇంకో ముగ్గురూ అదే చేశాం. కట్ట దిగి, ప్యాంట్లు మడిచి, బురదలో వంగి వంగి నడిచాం. ఫ్లెమింగోలు తల తలకిందులు చేసి నీళ్ళు వడగట్టుకుని తింటున్నాయి. దాదాపు వంద మీటర్ల దాకా పోయాం. ముందు ఒకటి తలెత్తింది. తర్వాత పది. తర్వాత మొత్తం గుంపు లేచింది. రెక్కల కింద ఆ ఎరుపూ నలుపూ, వెనక పొద్దుటి వెలుగు. నలుగురం ఊపిరి బిగబట్టి మెషిన్ గన్నుల్లా కొట్టేశాం. నా జీవితంలో అంత పదునైన ఫొటో ఇంకోటి లేదు. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

బురద కాళ్ళతో కట్ట ఎక్కుతుంటే వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చూస్తున్నాడు. కోప్పడలేదు. "పొద్దున్నించీ మేత మీద ఉండాయి సార్ అయి. ఇప్పుడు లేపేస్తిరి. మళ్ళీ ఏడ దిగతాయో" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక లెన్సు సంచిలో పెడుతున్నా. ఆయన దానికేసి చూసి, నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగాడు. "దూరం నుంచి తీసేదానికే గదా సార్ అంత పొడుగు గొట్టం కొనుక్కుండేది. మళ్ళీ దగ్గరికి పోయేది దేనికి?"

పదిహేనేళ్ళ అనుభవంలో నా డిజైన్‌ని ఎవరూ ఇంత సూటిగా రివ్యూ చెయ్యలేదు.

వేల మైళ్ళు కాకపోయినా, వందల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షి అది. చలికాలమంతా తిని ఒళ్ళు కూడబెట్టుకోవాలి. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతూ సరస్సుకే నీళ్ళు సరిగ్గా అందని చోట, ఉన్న నాలుగు పల్చటి మడుగుల నుంచి దాన్ని లేపింది మేము. ఒక్కసారి లేపితే కొంపలు మునగవు అనొచ్చు. శనివారం మేము, ఆదివారం ఇంకొకళ్ళు, పండగ సెలవులకి వందమంది. లోడ్ టెస్టింగ్ చేసేవాడికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక రిక్వెస్టు ఏ సర్వర్నీ పడగొట్టదు.

అందుకే నా అభిప్రాయం ఇది. మనం పదును అని వెంటబడుతున్నది సగం లెన్సులో లేదు, మిగతా సగం మనది కాదు. పొద్దున్నే లేవడం మన చేతిలో ఉంది. కట్ట మీదే ఆగిపోవడం మన చేతిలో ఉంది. 600 పిక్సెళ్ళ పక్షి చుట్టూ అయిదువేల పిక్సెళ్ళ నీళ్ళు వస్తే, ఆ నీళ్ళని కూడా ఫొటోలో ఉంచెయ్యడం మన చేతిలో ఉంది. పులికాట్ అంటే నిజానికి అదే కదా, కొంచెం పక్షి, బోలెడు నీళ్ళు. రెక్కల ఫొటో నా హార్డ్ డిస్కులోనే ఉంది. ప్రింటు వేయించబోయి రెండుసార్లు మానుకున్నా. గోడ మీద వేలాడుతున్నది పాత లెన్సుతో కట్ట మీద నుంచి తీసింది. కాస్త మెత్తగా ఉంటుంది. అందులో పక్షులు తల దించుకుని తింటున్నాయి.

ఇదంతా పెరుగన్నం ముందు మా కుర్రాడికి చెప్పా. ఓపిగ్గా విన్నాడు, పాపం. చివర్న "గదంతా సరే అన్నా, ఏది కొనాల్నో చెప్పలె" అన్నాడు.

"ఏదీ కొనకు. నా పాత లెన్సు ఇస్తా. మూడు ఆదివారాలు నాతో సూళ్లూరుపేట రా. ఆ తర్వాత నువ్వే చెబుదువు గానీ, నీకు ఏం కావాలో. ఆరుంబావుకల్లా కట్ట మీద ఉండాలి."

"గంత పొద్దుగాల్నా?" అన్నాడు, మొహం వేలాడేసి.

షార్ప్‌నెస్‌కి అసలు ధర అదే అబ్బాయ్ :)